మందు లేని సూది

రండి, మంటకు కాస్త దగ్గరగా జరగండి. సంక్రాంతి పోయినా చలి పోలేదు. ఈ చలికి తెల్లారుజామున మొదట లేచేవి కోళ్లు కావు, మోకాళ్లు. జనగామ వైపు ఏ ఊరి అరుగు మీద చూసినా అంతే. మాట వానలతో మొదలవుతుంది, పత్తి ధర మీదికి పోతుంది, కాసేపు రాజకీయాల్లో తిరుగుతుంది, చివరికి నడుం నొప్పి దగ్గర కూలబడుతుంది. "ఎట్లున్నవే అవ్వా?" అని అడిగి చూడండి. "ఏముంది బిడ్డా, నడుము గుంజుతున్నది, కాళ్లు లాగుతున్నయ్" అనే మాట రాకపోతే నన్నడగండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు మూడూ చాలా మటుకు పాత వరంగల్లులోనివే. జిల్లాలు విడిపోయినా నొప్పులు కలిసే ఉన్నాయి. కాకపోతే ఎవరి నొప్పి వాళ్ల పనిని బట్టి ఉంటుంది. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చే పనివాళ్లు నేల మీద కూర్చుని, మెడ వంచి, పొద్దంతా సుత్తితో కొడుతుంటారు. వాళ్ల బాధ మెడా భుజమూ. మోకు నడుముకు చుట్టుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికులకు మోకాళ్లు, మడమలు. మానుకోట, అదే మహబూబాబాద్ వైపు ఈ రోజుల్లో మిర్చి ఏరుడు మొదలవుతుంది. తండాల నుంచి ట్రాలీ ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు పొద్దు వాలేదాకా వంగిన నడుం ఎత్తరు. భూపాలపల్లికి పోతే సింగరేణి. ఒకప్పుడు బాయిలో తట్టా చెమ్మసుతో బొగ్గు ఎత్తినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. ఆ పని యంత్రాలకు పోయింది గానీ, ఆనాటి బరువు వాళ్ల వెన్నుపూసలను వదిలిపోలేదు.

ఈ నొప్పులన్నిటికీ మన పల్లెల్లో మందు ఒకటే: సూది. గోళీలిస్తే మనవాళ్లకు తృప్తి ఉండదు. "గోళీలొద్దు సారూ, సూదే ఎయ్యిండ్రి" అని ఆర్‌ఎంపీ డాక్టరు ముందు మారాం చేసే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆయన వేసేది చాలాసార్లు డైక్లోఫినాక్. గంటలో నొప్పి దిగుతుంది, మనిషి లేచి చేనుకు పోతాడు, రెండు రోజులకు మళ్లీ వస్తాడు. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు. అలవాటైతేనే చిక్కు. ఇలాంటి మందులు నొప్పిని పుట్టించే పదార్థాలను ఆపుతాయి. కానీ ఆ పదార్థాలే కడుపు గోడను కాపాడతాయి, మూత్రపిండాలకు నెత్తురు సరిగా అందేలా చూస్తాయి. అందుకే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ, షుగరు ఉన్నవాళ్ల మూత్రపిండాల మీద ఇంకా భారం పడుతుంది. ఈ డైక్లోఫినాక్ వేసిన పశువులు చచ్చిపోతే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై దేశమంతా రాలిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. రాబందు ఒంటి తీరు వేరు, మనిషి ఒంటి తీరు వేరు, నిజమే. అయినా ఆ కథ తెలిశాక సూది కోసం చెయ్యి చాపేటప్పుడు ఒక క్షణం ఆగబుద్ధవుతుంది.

సరే, ఆ సూది సంగతి అదీ. ఇంకో సూది ఉంది, దాంట్లో మందే ఉండదు. చైనా వాళ్ల ఆక్యుపంక్చర్.

నాకు మెడ నుంచి భుజం దాకా పట్టేసి, పక్కకు తిరిగి చూడాలంటే మొత్తం మనిషినే తిరగాల్సి వచ్చినప్పుడు, హనుమకొండలో ఒక వైద్యురాలి దగ్గరికి పోయాను. సూది తీస్తుందనుకుంటే ముందు మాటలు పెట్టింది. నొప్పి ఎప్పటి నుంచి, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నిద్ర పడుతుందా, ఏ పక్కకు పడుకుంటారు, ఏం పని చేస్తారు. నాలుక చూసింది, రెండు చేతుల నాడీ పట్టుకుంది. ఆ తర్వాత సీలున్న ప్యాకెట్ ఒకటి నా ముందే చింపింది. లోపల సూది, దానికి తొడిగిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం. సూది మందం పావు మిల్లీమీటరు, పైగా బోలుగా ఉండదు. మందు పోయేందుకు అందులో దారే లేదు. గొట్టాన్ని చర్మం మీద నిలబెట్టి సూది తల మీద వేలితో ఒక్కసారి తట్టింది. చీమ కుట్టిందా లేదా అన్నంత. గొట్టం తీసేసి సూదిని ఇంకొంచెం దింపి, రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి: లోపల కండరం ఎవరో పట్టుకుని గుంజినట్టు బరువు, దాని చుట్టూ తిమ్మిరి. "బరువుగా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాక వదిలేసింది. వాళ్ల లెక్కలో ఆ బరువు రావడమే సూది పడాల్సిన చోట పడిందనడానికి గుర్తు. మెడ దగ్గర కొన్ని, మోచేతి కింద ఒకటి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండలో ఒకటి. లైటు తగ్గించి, "కదలకుండా పడుకోండి, అర్ధగంటకు వస్తా" అని పోయింది. ఆ రాత్రి సుఖంగా పక్క మార్చుకోగలిగాను. వారం తిరిగేసరికి భుజం మళ్లీ పట్టింది, ముందున్నంత మాత్రం కాదు. ఇంకొన్నిసార్లు పోయాక అదీ నెమ్మదించింది.

ఈ ముచ్చట మా పక్కింటి పెద్దమ్మకు చెప్తే, ఆమె నన్ను ఎగాదిగా చూసి ఒక్క ప్రశ్న వేసింది: "మందు లేని సూదికి పైసలెందుకిచ్చినవ్ బిడ్డా?"

మంచి ప్రశ్న. దీని మీద ప్రపంచం యాభై ఏళ్లుగా కొట్టుకుంటోంది.

మొదలు చైనాలో. 1973లో అక్కడ మావాంగ్‌దుయి అనే చోట ఒక పాత సమాధి తవ్వితే పట్టు గుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. సమాధి మూసింది క్రీస్తుకు పూర్వం 168లో. ఒంట్లో శక్తి పారే దారుల గురించి అందులో ఉంది గానీ సూదుల మాట లేదు. ఆ దారుల మీద వేడి పెట్టడమే ఉంది. సూది ఆ తర్వాత వచ్చింది. వేడి పెట్టడం ఇప్పటికీ పోలేదు. ఎండబెట్టి నలిపిన ఒక ఆకును చుట్టలా చుట్టి, ముట్టించి, చర్మానికి తగలకుండా దగ్గరగా పట్టుకుంటారు. ఆ ఆకు ఏమిటో తెలుసా? వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట దేవుడికి వేసే మాచిపత్రి ఉంది చూడండి, దాని జాతిదే. మనం పూజ చేసి చెరువులో కలుపుతాం, వాళ్లు నడుముకు కాపడం పెట్టుకుంటారు. మన పల్లెల్లోనూ కామెర్లకూ కడుపునొప్పికీ ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టడం ఉండేది, అక్కడక్కడా ఇంకా ఉంది. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టొద్దు. వాత చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది, పసిపిల్లలకైతే ప్రాణం మీదికి తెస్తుంది.

అమెరికా ఈ సూదిని పట్టించుకున్నది ఒక విలేకరి కడుపునొప్పి వల్ల. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ 1971 జులైలో పెకింగ్ పోయాడు. అక్కడ అపెండిక్స్ నొప్పి వచ్చింది, ఆపరేషన్ చేశారు. మత్తు ఇచ్చింది మామూలు ఇంజెక్షన్‌తోనే. సూదులతో మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, ఆయన రాసింది అది కాదు. ఆపరేషన్ అయిన మర్నాడు రాత్రి కడుపుబ్బరంతో మెలికలు తిరుగుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టి, కడుపు దగ్గర ఆ మాచిపత్రి జాతి ఆకుల పొగ పట్టారు. గంటలో ఉబ్బరం తగ్గిందని ఆయన తన పత్రికలో రాసుకున్నాడు. మరుసటి సంవత్సరం అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పోయాడు, ఆ తర్వాత అమెరికాలో సూదుల మోజు అంతా ఇంతా కాదు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఈ వైద్యాన్ని నెత్తిన పెట్టుకుని ఊరూరా ప్రచారం చేయించింది చైనా నాయకుడు మావో. డాక్టర్లు చాలని దేశంలో సూదులతో, ఆకులతో చవగ్గా వైద్యం అందించాలని ఆయన లెక్క. కానీ ఆయన సొంత వైద్యుడు లీ జిసుయి తర్వాత రాసిన పుస్తకంలో, మావో తనకు మాత్రం చైనా వైద్యం మీద నమ్మకం లేదనీ, ఆ మందులు తాను వాడననీ చెప్పాడని రాశాడు. నాయకులు మనకు చెప్పేది ఒకటి, ఇంట్లో వాడేది ఇంకొకటి. ఆ ముచ్చట మనకు కొత్తేం కాదు లెండి.

మన దేశానికి ఇది ఎట్లా వచ్చిందో కూడా చెప్తాను. 1938లో జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. వాళ్లలో ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయాడు. ఆయన మీద శాంతారాం సినిమా కూడా తీశాడు. కోట్నిస్ పుట్టిన ఊరు సోలాపూర్. మగ్గం బతుకు కోసం మన తెలంగాణ పద్మశాలీలు వేలకు వేలు పోయి స్థిరపడిన ఊరు, మరాఠీ ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపించే పేటలున్న ఊరు. ఆ అయిదుగురిలోనే కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చాడు. 1950ల చివర్లో మళ్లీ చైనా పోయి ఈ విద్య నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టాడు. అందుకే ఈ సూదికి బెంగాల్‌లో వేళ్లు లోతుగా దిగాయి. దీని మీద అక్కడ 1996లోనే చట్టం చేశారు, తర్వాత మహారాష్ట్ర చేసింది. కేంద్రం 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది, 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్యంగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర ప్రకృతి వైద్యం చదివే బీఎన్‌వైఎస్ వాళ్ల పాఠాల్లో ఇది ఉంది.

చరిత్ర బాగుంది, పనిచేస్తుందా అంటారు. దానికి ముందు ఇంకో చిన్న ముచ్చట. మాచిపత్రి జాతిలోనే ఇంకో మొక్క ఉంది. చైనా శాస్త్రవేత్త తు యూయూ పాత గ్రంథాలు చూసి దాన్ని పట్టుకుంది, అందులోంచి మలేరియా మందు తీసింది, 2015లో నోబెల్ అందుకుంది. భూపాలపల్లి అడవి పల్లెల్లో ప్రాణం తీసే రకం మలేరియా వస్తే ఇచ్చే గోళీల్లో ఇప్పుడు ఉండేది ఆ జాతి మందే. తు యూయూ పాతదని నెత్తిన పెట్టుకోనూ లేదు, పాతదని పారేయనూ లేదు, పరీక్షకు నిలబెట్టింది. సూదినీ అట్లాగే నిలబెట్టారు.

జర్మనీలో చేసిన ఒక పరీక్ష నాకు బాగా నచ్చింది. ఫలితాలు 2007లో వచ్చాయి. సగటున ఎనిమిదేళ్లుగా నడుం నొప్పితో బాధపడుతున్న 1,162 మందిని తీసుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలైన ఆక్యుపంక్చర్. రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు: చైనా గ్రంథం చెప్పని చోట్ల, పైపైన గుచ్చి వదిలేయడం. గుచ్చించుకునేవాళ్లకు ఏది ఏదో తెలియదు. మూడో గుంపుకు మామూలు వైద్యం, అంటే మందులు, వ్యాయామం, ఫిజియోథెరపీ. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యంతో మేలైంది నూటికి 27 మందికి. అసలు సూదులతో 47 మందికి పైచిలుకు. ఉత్తుత్తి సూదులతో? 44 మందికి!

ఈ అంకెలు చూసి సూది వైద్యులు పండగ చేసుకున్నారు, వాళ్లను తిట్టేవాళ్లూ పండగే చేసుకున్నారు. మామూలు వైద్యం కంటే ఎంత మెరుగో చూడండని వాళ్లు, ఎక్కడ గుచ్చినా ఒకటేనని తేలింది కదా, ఇక ఆ దారులూ శక్తీ ఎక్కడని వీళ్లు. ఆ తర్వాత ఇరవై వేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూసినా అదే తీరు. అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా ఉంది గానీ చిన్నది. సూదికీ ఏ సూదీ లేకపోవడానికీ తేడా పెద్దది.

ఒంట్లో ఏం జరుగుతుందో కొంత తెలిసింది. గుచ్చిన చోట నరాలు మేలుకుంటాయి, మెదడు తన సొంత నొప్పి మందును విడుదల చేస్తుంది. నల్లమందు మత్తును విరగ్గొట్టే నలోక్సోన్ అనే మందు ఇస్తే సూది తెచ్చిన ఉపశమనం పోయిందని 1970ల్లోనే ఒక ప్రయోగంలో చూశారు. ఇంకో విషయం. ఉత్తి గోళీ ఇచ్చి "ఇది నొప్పి మందు" అని చెప్పినప్పుడు కలిగే ఉపశమనాన్ని కూడా అదే నలోక్సోన్ కొంత పోగొట్టింది. అంటే నమ్మకంతో తగ్గిన నొప్పి కూడా ఒంట్లో నిజంగా తగ్గిందే. ఎవరైనా నొప్పి తగ్గిందంటే "అంతా నీ భ్రమ" అని తీసిపారేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఈ సందిగ్ధంలో ప్రభుత్వాలూ ఊగాయి. బ్రిటన్ వైద్య సలహా సంఘం 2009లో నడుం నొప్పికి సూది మంచిదంది, 2016లో వద్దంది, 2021లో కారణం తేలని దీర్ఘకాలపు నొప్పులకు వాడొచ్చంది. అమెరికా ముసలివాళ్ల బీమా 2020 నుంచి ఎడతెగని నడుం నొప్పికి మూడు నెలల్లో 12 సార్లు దాకా ఖర్చు భరిస్తోంది. మెరుగు కనిపిస్తే ఇంకో ఎనిమిది సార్లు, లేకపోతే ఆపేయమంది. నాకు ఆ షరతు నచ్చింది. మన ఊళ్లలో ఏ వైద్యానికీ అట్లాంటి గడువు పెట్టుకోం.

కాబట్టి మీరు పోదలచుకుంటే నా మాట ఇది. నడుం, మెడ, మోకాలి నొప్పులు, మాటిమాటికీ వచ్చే తలనొప్పి, వీటికి పోండి. షుగరు దిగుతుంది, పక్షవాతం పోతుంది, క్యాన్సర్ కరుగుతుంది అని బోర్డు కడితే ఆ గడప తొక్కకండి. బీపీ, షుగరు గోళీలు ఆపమన్నవాడి దగ్గర క్షణం కూర్చోకండి. ఏం చదివారని అడగండి, తప్పేం లేదు. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి, వాడిన సూది మళ్లీ వాడితే కామెర్ల జబ్బులు అంటుకుంటాయి. నెత్తురు పలచబడే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, కడుపుతో ఉన్నా ముందే చెప్పాలి. చేతకానివాడు భుజం మీదా ఛాతీ మీదా లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడొచ్చు, అరుదే గానీ జరిగింది. చెట్టు మీంచి పడ్డ నడుముకు, కాలు చచ్చుబడుతున్న నడుముకు, మూత్రం మీద పట్టు తప్పిన నడుముకు సూదులు కాదు, పెద్దాసుపత్రి కావాలి, అదీ ఆ రోజే. ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే గుండె డాక్టరు. ఇక, సూదులకు బదులంటూ ఎగ్జిబిషన్‌లో అమ్మే ముళ్ల చెప్పులూ చెక్క రోలర్లూ అంటారా, కొనుక్కోండి, సరదాకి. మంచం కింద చోటుంటే.

ఇదంతా పెద్దమ్మకు నాకొచ్చినట్టు చెప్పాను. సూది ఎక్కడ పడిందన్నది కొంత, మిగతా పుణ్యం చాలా మటుకు ఆ చుట్టూ ఉన్నదానిది కావచ్చన్నాను. ఒక మనిషి తీరిగ్గా కూర్చుని నీ నొప్పి గురించి అడగడం, చేత్తో తాకి చూడడం, అర్ధగంట పాటు కదలకుండా పడుకోమనడం. జర్మనీలో మూడో గుంపుకు దొరకనిది అదేనేమోనని నా అనుమానం. అయిదారు సార్లు పోయి చూడు, తగ్గితే సరి, తగ్గకపోతే మానెయ్, తగ్గిన రోజుల్లో ఆ మందు సూదికి దూరంగా ఉండు, పొద్దున కాస్త నడువు, మిర్చి ఏరేటప్పుడు మధ్యమధ్య నడుం నిలబెట్టు అన్నాను.

పెద్దమ్మ అంతా ఓపిగ్గా విన్నది. కొంగు దోపుకుంది. "అయితే ఆ అర్ధగంట పండుకునుడేదో నేను ఇంట్లనే పండుకుంట. ఇంత వరకు ఎవలన్న పండుకోనిచ్చిన్రా? బియ్యం చాటలున్నయ్, ఏరి కడిగి పొయ్యి మీద పెట్టు. గంజి పొంగకుంట సూసుకో" అని లోపలికి పోయి మంచమెక్కింది.

అన్నం బాగానే ఉడికింది. ఆమె లేచింది మాత్రం గంటన్నరకు.